నిన్న నడిచింది... ఇవాళ ఆగింది!

ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. అయినా నిన్నటిదాకా చక్కగా నడిచిన వెబ్‌సైట్ ఇవాళ మొరాయిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న ఇళ్లలో అర్ధరాత్రి దాకా లైట్లు వెలిగేలా చేసే ఈ ‘డిపెండెన్సీ’ చిక్కు కథేమిటి?

2023 సెప్టెంబరు 30, శనివారం. వెర్క్‌జోయిగ్ అనే లైబ్రరీకి 3.0 వెర్షన్ విడుదలైంది. జర్మన్ భాషలో ఆ మాటకి పనిముట్టు అని అర్థం. రోజూ దాన్ని వాడుతూ కూడా దాని పేరు పట్టించుకోని ప్రోగ్రామర్లు బోలెడుమంది. ఆ తర్వాత రోజుల్లో పైథాన్ భాషలో వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు చాలామందికి ఒకటే అనుభవం. అప్లికేషన్‌ని సర్వర్ మీదికి ఎక్కిస్తే మొదలవకుండానే చతికిలపడింది. ‘వెర్క్‌జోయిగ్‌లో యూఆర్ఎల్ కోట్ అనేది దొరకడం లేదు’ అని తెరమీద ఫిర్యాదు. విచిత్రమేంటంటే, వాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో ఎక్కడా ఆ యూఆర్ఎల్ కోట్ ఊసే లేదు!

అడిగింది ఒకటి... వచ్చినవి ఏడు

ఈ రోజుల్లో వెబ్‌సైట్‌ని ఎవరూ మొదటి నుంచి చివరిదాకా సొంతంగా రాయరు. ఇతరులు రాసి ఉచితంగా ఇచ్చిన లైబ్రరీలను తెచ్చుకుని, వాటిమీద తమ పని కట్టుకుంటారు. పైథాన్‌కి సంబంధించి అలాంటివన్నీ దొరికే పెద్ద గిడ్డంగి ‘పైపీఐ’. అక్కడ అయిదు లక్షలకు పైగా ప్రాజెక్టులున్నాయి. కావలసినదాని పేరు చెబితే, ‘పిప్’ అనే ప్రోగ్రామ్ వెళ్లి మోసుకొచ్చి పెడుతుంది.

అలా బాగా వాడుకలో ఉన్నది ఫ్లాస్క్. 2010 ఏప్రిల్ 1న ఆస్ట్రియా ప్రోగ్రామర్ ఆర్మిన్ రోనాకర్ ఏప్రిల్ ఫూల్ సరదాగా మొదలుపెట్టిన దాంట్లోంచి పుట్టిందిది. ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల నుంచి కంపెనీల వెబ్‌సైట్ల దాకా దీన్నే వాడేవాళ్లెందరో. ఇప్పుడు ఫ్లాస్క్ ఒక్కటి కావాలని పిప్‌ని అడిగితే, దాని వెనకే మరో ఆరు వస్తాయి. పేజీలను తీర్చిదిద్దే జింజా (జపనీస్‌లో గుడి అని అర్థం), వెబ్ సంగతులు చూసుకునే వెర్క్‌జోయిగ్... అన్నీ అలా వచ్చినవే. వాటినే డిపెండెన్సీలు అంటారు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. జాగ్రత్తగల ప్రోగ్రామర్ తన సరుకుల చిట్టాలో ‘ఫ్లాస్క్ 2.2.2’ అని వెర్షన్‌తో సహా రాసుకుంటాడు. కానీ ఆ ఫ్లాస్క్‌కీ ఓ సొంత చిట్టా ఉంది. అందులో ‘వెర్క్‌జోయిగ్ 2.2.2 లేదా ఆపైది’ అని ఉంటుంది. సెప్టెంబరు 29 దాకా ఆపైది అంటే 2.3 రకం. ఆ మర్నాటి నుంచి 3.0! అందులో పాతబడిన ఫంక్షన్లను తీసేశారు. యూఆర్ఎల్ కోట్ వాటిలో ఒకటి. పాత ఫ్లాస్క్‌కి అది లేనిదే గడవదు.

మరి అదే ప్రోగ్రామ్ లాప్‌టాప్‌లో ఎలా నడిచింది? లాప్‌టాప్‌లో ఎప్పుడో దించుకున్న పాత వెర్క్‌జోయిగ్ అలాగే ఉంది కాబట్టి. సర్వర్ మాత్రం ఆరోజే కొత్తగా సరుకు తెప్పించుకుంది. ‘నా లాప్‌టాప్‌లో పనిచేస్తోంది సార్’ అని మర్నాడు ప్రాజెక్టు చూపించాల్సిన కుర్రాడు కళ్లనీళ్లు పెట్టుకుంటే, అందులో అబద్ధమేమీ లేదన్నమాట.

అలాగని తయారుచేసినవాళ్లనీ తప్పుపట్టలేం. వీటిని నడిపేవాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. పైగా 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.3 వెర్షన్‌లోనే ‘ఇవి తీసేయబోతున్నాం’ అని హెచ్చరించారు. అయితే అలాంటి హెచ్చరికల్లో చాలావాటిని పైథాన్ మామూలుగా తెరమీద చూపించదు. ఇక చూసేదెవరు!

చిట్టాలో ఒక్క వరస

తెరనిండా కనిపించే ఎర్రర్ చూసి కంగారుపడి, తెలిసిన మందులన్నీ మింగినట్టు అన్నీ తీసేసి మళ్లీ ఎక్కించేవాళ్లే ఎక్కువ. దాంతో మళ్లీ అదే 3.0 వచ్చి కూర్చుంటుంది. అనుభవజ్ఞులు ముందు చివరి వరస చదువుతారు. ఏ లైబ్రరీ దగ్గర ఆగిందో అక్కడే ఉంటుంది. తర్వాత ‘పిప్ ఫ్రీజ్’ అనే ఆదేశంతో లాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ ఉన్న వెర్షన్ల జాబితాలు తీసి పక్కపక్కన పెడతారు. తేడా ఇట్టే తెలిసిపోతుంది. అప్పుడు చిట్టాలో ‘వెర్క్‌జోయిగ్ 3 కంటే తక్కువది’ అని ఒక్క వరస చేరిస్తే సరి, వెబ్‌సైట్ లేచి కూర్చుంటుంది.

రెండో దారి, అదేరోజు విడుదలైన ఫ్లాస్క్ 3.0కి మారిపోవడం. అలా మారినవాళ్లలో కొందరికి లాగిన్ పేజీ దగ్గర మళ్లీ బ్రేకు పడింది. ఫ్లాస్క్ లాగిన్ అనే వేరే లైబ్రరీ, తీసేసినవాటిలోని మరో ఫంక్షన్ మీద ఆధారపడి ఉంది మరి. దాని సవరణ అక్టోబరులో వచ్చింది.

అసలు ఇంతదాకా రాకుండా ఉండాలంటే ఒక్కో ప్రాజెక్టుకి దాని సరుకు దానికే విడిగా ఉండాలి. ఇందుకోసం ఇయాన్ బికింగ్ 2007లో వర్చువల్‌ఎన్వ్ తయారుచేశాడు. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచీ అలాంటి ఏర్పాటు భాషతోపాటే వస్తోంది. ఆ విడి గదిలో ఉన్న లైబ్రరీలన్నిటినీ, వెనకాల వచ్చినవాటితో సహా, కచ్చితమైన వెర్షన్లతో రాసి పెట్టుకుంటే సర్వర్ కూడా వాటినే తెచ్చుకుంటుంది. దీన్నే లాక్ చేయడం అంటారు. గది లేకుండా లాప్‌టాప్ మొత్తానికి పిప్ ఫ్రీజ్ కొడితే మాత్రం ఎప్పుడో సరదాకి దించుకున్న లైబ్రరీలు కూడా జాబితాలోకి ఎక్కేస్తాయి.

వెర్షన్లన్నీ సరిపోయినా ఒక్కోసారి తిప్పలు తప్పవు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడే సైకోపీజీ2నే తీసుకోండి. అందులో కొంత భాగం సీ భాషలో ఉంటుంది. దాన్ని సర్వర్ మీదే కంపైల్ చేయాలి. అందుకు కావలసిన సామగ్రి అక్కడ లేకపోతే ‘పీజీ కాన్ఫిగ్ కనిపించడం లేదు’ అంటూ ఆగిపోతుంది. ఆ సామగ్రిని సర్వర్‌లో వేయాలి, లేదా ముందే కంపైల్ చేసి ఉంచిన ‘బైనరీ’ రకాన్ని తెచ్చుకోవాలి. ఈ గొడవలన్నీ పడలేకే పైథాన్, లైబ్రరీలు, సామగ్రి మొత్తాన్నీ ఒకే పెట్టెలో సర్ది పంపే డాకర్‌కి 2013 నుంచి అంత ఆదరణ.

అలాగే ఉంచేస్తే?

హమ్మయ్య, లాక్ చేశాం కదా అని ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే ఇంకో ప్రమాదం. 2023 మే నెలలో ఫ్లాస్క్‌లో ఓ భద్రతా లోపం బయటపడింది. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఒకరి లాగిన్‌కి సంబంధించిన కుకీ మరొకరికి చేరే అవకాశం ఉందన్నది దాని సారాంశం. 2.2.5, 2.3.2 వెర్షన్లలో దాన్ని సరిచేశారు. 2.2.2 దగ్గర తాళం వేసి కూర్చున్నవాళ్లకి ఆ సవరణ అందదు. వాళ్ల వెబ్‌సైట్ ఆగదు, ఎర్రర్ కూడా రాదు. అందుకే కొన్ని బృందాలు నెలకోసారి కొత్త వెర్షన్లను వేరే సర్వర్‌లో వేసి పరీక్షిస్తాయి. అన్నీ నడిస్తేనే చిట్టా మారుస్తాయి. అదీ సోమవారమో మంగళవారమో... శుక్రవారం సాయంత్రం మాత్రం చచ్చినా ముట్టుకోరు!