రచన – పాఠకుడు

రచన చేయాలన్న అభిలాష అనేకులకు ఉంటుంది. దానిని జీవితకాల వ్యాసంగంగా నిలుపుకోవాలంటే పట్టుదల, భాషపై అధికారం, పాఠకునికి చేరువయ్యే మార్గం మూడూ అవసరం. కందుకూరి వీరేశలింగం పంతులు (1848–1919) జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

తొలినాళ్ళలో ఆయన పెదవులు తగలని అక్షరాలతో, అచ్చతెలుగులో నలుని కథను కావ్యంగా రచించి పాండిత్యాన్ని చాటారు. అయితే అటువంటి రచన పండితులకే పరిమితం. సంఘాన్ని మేల్కొల్పాలంటే సామాన్యులకు బోధపడే వచనం కావాలి. అందుకే ఆయన సులభమైన వచనానికి మళ్ళారు.

ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూనే 1874లో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించారు. మొదట అది చెన్నపట్టణంలో అచ్చయ్యేది. తరువాత రాజమహేంద్రవరంలోనే ముద్రణాలయం నెలకొల్పారు. లంచగొండితనాన్ని, మూఢాచారాలను పత్రికలో ఎండగట్టారు. విరోధులు పెరిగినా కలం ఆపలేదు. పత్రికకు గడువు ఉంటుంది. ఉత్సాహం కలిగినప్పుడే రాస్తానంటే కుదరదు. 'రాజశేఖర చరిత్రము' 1878లో అందులోనే ధారావాహికగా మొదలై, 1880లో పుస్తకరూపం దాల్చింది. స్త్రీల కోసం 1883లో 'సతీహితబోధిని'ని ప్రారంభించారు.

ఎవరి కోసం రాస్తున్నామో ఎరిగి, వారికి తెలిసిన భాషలో రాసి, దానిని వారి చేతికి అందించడం కూడా రచయిత బాధ్యతే. రచయితలు కాగోరే విద్యార్థులు దీనిని గుర్తించాలి.