డాకర్‌లో యాప్ సడన్‌గా ఆగిపోయిందా? ప్యాకేజీ వెర్షన్ చూసుకోండి!

కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.. అయినా డాకర్ ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేయగానే యాప్ ఆగిపోయిందా? బిల్డ్‌తో పాటు ప్యాకేజీల కొత్త వెర్షన్లు వచ్చి ఉండొచ్చు.

2022 జనవరిలో 'కలర్స్' అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ విషయంలో ఇదే జరిగింది. దాన్ని తయారుచేసిన డెవలపరే కావాలని ఆగని లూప్ పెట్టి కొత్త వెర్షన్ వదిలారు. అది చేరిన ప్రోగ్రామ్‌లలో స్క్రీన్ నిండా పిచ్చి అక్షరాలే! పాత 1.4.0 వెర్షన్‌ను ఫిక్స్ చేసుకున్నవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు.

మరి ఏం చేయాలి? లాక్ ఫైల్‌ను కోడ్‌తో పాటే దాచుకోండి. డాకర్‌ఫైల్‌లో 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' బదులు 'ఎన్‌పీఎం సీఐ' రాయండి.. లాక్‌లో ఉన్న వెర్షన్లే వస్తాయి. బేస్ ఇమేజ్‌కు 'లేటెస్ట్' అని కాకుండా వెర్షన్ నంబర్ ఇవ్వండి. అలాగని అప్‌డేట్లు మానేయొద్దు.. సెక్యూరిటీకి అవి తప్పనిసరి. టెస్ట్ చేశాకే మార్చండి.