దుమ్ము దారుల్లో సైకిల్ చైనుకు ఏ నూనె మంచిది?

విజయవాడ–మచిలీపట్నం 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న ఉయ్యూరులో సైకిల్ తొక్కేవారికి దుమ్ము కొత్తేమీ కాదు. ఎండాకాలంలో పొలాల మట్టి, రోడ్డు అంచున పేరుకున్న ఇసుక లేచి నేరుగా చైను మీద పడతాయి. చైను కరకరలాడగానే చాలామంది చేతికందిన నూనె పోసేస్తారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

చైనులో ఎక్కువ రాపిడి జరిగేది పైన కాదు, లోపలి పిన్నుల దగ్గర. నూనె అక్కడికి చేరితేనే ఉపయోగం. పైన మిగిలిన నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. ఇసుకలోని క్వార్ట్జ్ మామూలు ఇనుము కంటే గట్టిది. అది నూనెతో కలిసి నల్లటి ముద్దగా మారి, ఆకురాయిలా చైనును అరగదీస్తుంది. అరిగిన చైను ఫ్రీవీల్ పళ్లను కూడా తినేస్తుంది. అప్పుడు రెండూ మార్చాల్సిందే.

ఏవి వద్దు?

బండ్లలో వాడి తీసేసిన ఇంజిన్ ఆయిల్‌లో మసి, లోహపు రజను ఉంటాయి. గ్రీజు లోపలికి దిగదు, దుమ్మును మాత్రం బాగా పట్టేస్తుంది. వంటనూనెలు కొన్నాళ్లకు బంకలా తయారవుతాయి. కిరోసిన్ కడగడానికి పనికొస్తుంది గానీ, నూనెకు బదులు కాదు.

ఏది మేలు?

పొడి కాలానికి మైనం కలిసిన 'డ్రై లూబ్' మంచిది. రాశాక ఆరిపోతుంది కాబట్టి దుమ్ము తక్కువగా అంటుతుంది. కానీ వానకు త్వరగా కొట్టుకుపోతుంది. వర్షాకాలంలో చిక్కటి 'వెట్ లూబ్' నిలుస్తుంది. ఈ రెండూ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె చాలు. పలచగా ఉండి లోపలికి దిగుతుంది, కాకపోతే తరచూ వేయాలి.

ఎలా వేయాలి?

ముందు పాత గుడ్డతో, బ్రష్‌తో చైను మురికి తీయాలి. కిరోసిన్‌తో కడిగితే పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత పెడల్‌ను వెనక్కి తిప్పుతూ ఒక్కో రోలర్‌పై ఒక్కో చుక్క వేయాలి. కాసేపాగి పైన మిగిలిన నూనెను పొడిగుడ్డతో తుడిచేయాలి. చాలామంది వదిలేసేది ఈ చివరి పనే. డ్రై లూబ్ అయితే రాత్రి రాసి ఉదయం బయల్దేరడం మంచిది.

చైను అరిగిందో లేదో స్కేలుతోనే చూడొచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి దాని తర్వాతి 24వ పిన్ను మధ్య వరకు కొత్త చైను 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 308 దాకా సాగితే మార్చేయాలి. చైను కవరు ఊడిపోయి ఉంటే బిగించుకోవాలి. దుమ్మును చైను దాకా రాకుండా చాలావరకు ఆపేది అదే.