చౌక తోలు బూట్లు – వాటి రంగు, మెరుగు

“పైన పటారం, లోన లొటారం” అని పెద్దల సామెత. దీనికి నేటి కాలంలో ఉదాహరణ వెదకవలసివస్తే చౌక ధరకు లభించే నల్లని తోలు బూట్లను చూపవచ్చును. తెల్లాపూర్ నుండి నల్లగండ్ల మీదుగా గచ్చిబౌలి వైపు సాగే దారిలో ఉద్యోగపు ఇంటర్వ్యూలకు పోయే యువకులు కనిపిస్తారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, కాళ్ళకు కొత్త బూట్లు. ఆ బూట్ల వెనుక తండ్రి కష్టార్జితమో, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్మో ఉంటుంది. గత వర్షాకాలంలో మా సహాధ్యాయి ఒకడు అట్టి బూట్లతోనే ఇంటర్వ్యూకు బయలుదేరాడు. దారిలో జల్లు పడింది. కార్యాలయపు గుమ్మం వద్ద తుడుచుకోబోగా చేతిరుమాలు నల్లబడింది. మేజోళ్ళు సిరాబుడ్డిలో ముంచినట్లయినవి. రెండు నెలలు తిరగకముందే వేళ్ళు వంగే చోట పైపూత పెచ్చులూడింది. ఈ నష్టం ఎందువలన కలుగుతుంది? దానిని ముందుగా కనిపెట్టే మార్గమున్నదా? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రేరణ.

పశువు నుండి తీసిన పచ్చి చర్మం కుళ్ళిపోయే స్వభావం గలది. దానిని కుళ్ళని తోలుగా మార్చుటనే పదును చేయుట అంటారు. మన ప్రాంతంలో అనాదిగా సున్నంతో వెంట్రుకలు తొలగించి, తంగేడు చెక్క, కరక్కాయల కషాయంలో చర్మాన్ని నానబెట్టేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడు ఈ విధంగా మన కాళ్ళను కూడా కాపాడినది. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ క్రోము లవణాలతో పదును చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. ఈ పద్ధతి త్వరితమైనది. తోలు మృదువుగా ఉండి వేడికి తట్టుకుంటుంది. నేటి బూట్ల పైతోలులో అధికభాగం క్రోము తోలే.

పదును ముగిసిన పిమ్మట అద్దకం. పెద్ద పీపాలలో తోలును రంగునీటితో గంటల తరబడి త్రిప్పుతారు. రంగు నారల లోతుకు చేరిన తరువాత ఫార్మిక్ ఆమ్లం కలిపి దానిని నారకు పట్టిస్తారు. అంటుకోని రంగును కడిగివేస్తారు. ఇక్కడనే చౌకతనం తొంగిచూస్తుంది. త్రిప్పే కాలం తగ్గిస్తే రంగు పైపొరలోనే ఆగిపోతుంది. చిన్న గీత పడినా లోపలి లేతరంగు బయటపడుతుంది. కడగడం తగ్గిస్తే అంటుకోని రంగు తోలులోనే మిగిలి, తడి తగలగానే కరగి మేజోళ్ళకు అంటుతుంది. పాదాల చెమట నిలువ ఉన్నకొద్దీ క్షారగుణం పొందుతుంది. క్షారం రంగు పట్టును మరింత సడలిస్తుంది.

మూడవది మెరుగు. పశువు బ్రతికియున్నప్పటి గాయాలు, పిడుదుల కాట్లు, వాతల గుర్తులు చర్మంపై ఉంటాయి. మచ్చలేని తోలు అరుదు, కావున ప్రియము. మచ్చలున్న తోలు ముఖాన్ని గరుకు కాగితంతో అరగదీసి, రంగుపొడి కలిపిన అక్రిలిక్ లేక పాలీయురేథేన్ పూతతో కప్పి, వేడి పలకతో కృత్రిమ గీతలను అచ్చు వేస్తారు. పూత పలుచనైతే దోషమేమీ లేదు. మచ్చలను కప్పుటకు మందంగా పూస్తే అది తోలుతోపాటు వంగలేదు. నడకలో వేల పర్యాయాలు ముడుతపడి చిట్లుతుంది. ఇంతకంటె అధమమైనది చర్మాన్ని అడ్డంగా చీల్చగా వచ్చిన అడుగు పొర. దానికి సహజమైన ముఖమే ఉండదు. పైన అతికిన ప్లాస్టిక్ పొరయే ముఖం. కొన్ని రకాల పాలీయురేథేన్ గాలిలోని తేమకే క్రమంగా విచ్ఛిన్నమవుతుంది. అందువలననే పెట్టెలో భద్రపరచిన బూట్లు కూడా కొన్నాళ్ళకు పొరలు పొరలుగా ఊడుతాయి.

ఈ విషయం అందానికి మాత్రమే సంబంధించినది కాదు. కొన్ని ఆజో రంగులు విడిపోయి కేన్సరు కారకాలైన పదార్థాలను వెలువరిస్తాయి. సరిగా తయారుకాని క్రోము తోలులో ఆరు సంయోజకత గల క్రోమియం ఏర్పడి చర్మానికి దద్దుర్లు కలిగించవచ్చు. ఐరోపా సమాజం 2015 నుండి చర్మానికి తగిలే తోలు వస్తువులలో దీనిని కిలోకు 3 మిల్లీగ్రాముల లోపునకు పరిమితం చేసినది.

ఈ శాస్త్రంలో మన తెలుగువాని పేరు చిరస్మరణీయం. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ, 1948లో మద్రాసులో వెలసిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు సంచాలకులుగా ఉన్నారు. సంఘం అంటరానిదిగా ఎంచిన వృత్తిని విజ్ఞానశాస్త్ర స్థాయికి తెచ్చిన మహనీయుడాయన. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో అసువులు బాసారు. తోళ్ళ వర్తకం విద్యకు తోడ్పడిన నిదర్శనం కూడా సమీపంలోనే ఉన్నది. తోళ్ళ వ్యాపారానికి పేరుగన్న వాణియంబాడిలో అక్కడి ముస్లిం విద్యా సంఘం 1919లో ఇస్లామియా కళాశాలను స్థాపించినది.

కొనేవారు గమనించదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. తెల్లని బట్టను తడిపి, లేసుల క్రింది నాలుకపై పదిసార్లు రుద్దండి. రంగు అంటితే ఆ జతను వదలండి. ప్రయోగశాలలలో చేసేదీ ఇదే; అక్కడ యంత్రం రుద్దుతుంది, అంటిన రంగుకు 1 నుండి 5 వరకు మార్కులు వేస్తారు, 5 ఉత్తమం. ముందుభాగాన్ని వ్రేలితో వంచి చూడండి; సన్నని ముడుతలు పడి విడిచిన వెంటనే సర్దుకుంటే మేలైన తోలు, తెల్లని గీత నిలిచితే మందపు పూత. కోసిన అంచున నారలు కనిపిస్తే తోలు, గుడ్డ నేత కనిపిస్తే రెక్సిన్. రంధ్రాల గీతలు అంతటా ఒకే వరుసలో ఉంటే అవి అచ్చు వేసినవని గ్రహించండి. తడిసిన బూట్లను ఎండలోగాని పొయ్యి ప్రక్కనగాని పెట్టక, పాత వార్తాపత్రికలు లోన కుక్కి నీడన ఆరబెట్టాలి.

చౌకగా అమ్మడం తప్పు కాదు. పేదవానికి చౌక వస్తువు కావాలి. అడుగు పొరను అడుగు పొర అని, పూతను పూత అని చెప్పి అమ్మితే ఎవరికీ అన్యాయం లేదు. సరకులోని లోపాన్ని దాచక చెప్పవలెనన్నది ఇస్లాం బోధించిన వర్తక ధర్మం. కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం: రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఈ తడిబట్ట పరీక్షను ఒకనాడు విద్యార్థులందరిచే చేయించండి. అందుకు ఒక గుడ్డముక్క, చెంబెడు నీరు చాలును. ఇంటర్వ్యూ గుమ్మం వద్ద తల వంచుకునే అవస్థ మరొక సోదరునికి కలుగకుండును.