ట్రెయిలరు వెనుక ఎఱ్ఱదీపము

దీపము చూచుటకే గాక కనబడుటకును కావలెను. ముందుదీపము బండి తోలువానికి బాట చూపును. వెనుకదీపము వాని ప్రాణమును కాపాడును. పూర్వము మన ఎద్దుబండ్ల ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడదీయుట ఈ రెండవ ప్రయోజనమునకే గదా! నేడు ఎద్దులకు బదులు ట్రాక్టరు వచ్చినది. లాంతరు పోయినది గాని, దాని స్థానమున ట్రెయిలరు వెనుక వెలుగవలసిన దీపము పెక్కు బండ్లకు వెలుగుట లేదు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతముల రైతునకు రాత్రి ప్రయాణము తప్పనిది. తోతాపురి మామిడికాయలను గుజ్జు ఫ్యాక్టరీలకును, టమాటాలను మదనపల్లె మార్కెట్టునకును, చెఱకును గానుగలకును చీకటిలోనే చేర్చవలసి వచ్చుచుండును. చిత్తూరునుండి పలమనేరు పోవు త్రోవలోని మొగిలి ఘాటునందును, తిరుపతినుండి మదనపల్లె పోవు త్రోవలోని భాకరాపేట ఘాటునందును మలుపు తిరిగినగాని ముందున్న బండి కానరాదు.

ఇచట చిన్న లెక్క వేసి చూతము. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ సెకనునకు 20 మీటర్లు నడచును. గంటకు 18 కిలోమీటర్లు పోవు ట్రాక్టరు సెకనునకు 5 మీటర్లే నడచును. కావున లారీ సెకనునకు 15 మీటర్ల చొప్పున ట్రాక్టరును సమీపించును. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 105వది, వెనుక ఎఱ్ఱదీపము 155 మీటర్ల దూరమునకు కనబడవలెనని చెప్పుచున్నది. అట్లు కనబడినచో లారీవానికి పది సెకనుల వ్యవధి చిక్కును. దీపము లేక, 40 మీటర్ల దూరమున మాత్రమే బండి కనబడెనేని మూడు సెకనులైనను చిక్కవు.

మన ట్రెయిలర్ల దీపములు ఆరిపోవుటకు ముఖ్యకారణము మిట్టపల్లముల కుదుపు. మామూలు బల్బులో సన్నని తీగ కాలి వెలుగునిచ్చును. కుదుపులకు ఆ తీగ తెగును. ఎల్.ఇ.డి. దీపమున తీగ లేదు. చిన్న స్ఫటికముగుండా విద్యుత్తు ప్రవహించినంతనే వెలుగు పుట్టును. కంటికి కనబడు ఎఱ్ఱ ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ అను శాస్త్రజ్ఞుడు నిర్మించెను. ఇది కుదుపులకు ఓర్చును. బ్యాటరీని తక్కువగా వాడును. బ్రేకు త్రొక్కగనే, తీగ బల్బు కంటె సుమారు సెకనులో అయిదవవంతు ముందుగా వెలుగును. ఆ యల్పకాలములో పైలారీ 4 మీటర్లు నడచును.

అయినను అంగడిలో దొరకు ప్రతి ఎల్.ఇ.డి.యు మేలైనది కాదు. పాత దీపపు డిప్పలోని అద్దము తీగ బల్బునకు తగినట్లు చేయబడినది. అందులో ఎల్.ఇ.డి. బల్బును దూర్చినచో వెలుగు సరిగా వ్యాపింపకపోవచ్చును. తెల్ల ఎల్.ఇ.డి.ని ఎఱ్ఱగాజు వెనుక నుంచినచో వెలుగు మందగించును. కాబట్టి ఎల్.ఇ.డి. కొరకే తయారై, ఆమోదముద్ర గలిగి, నీరు చొరని పూర్తి దీపమునే కొనుట మేలు. అది మీ బండి బ్యాటరీకి తగినదై యుండవలెను. ట్రాక్టర్లకు సాధారణముగా 12 వోల్టులు. నీలము, ఆకుపచ్చ రంగులతో మిణుకుమిణుకుమను దీపములు వెనుక పనికిరావు. వెనుకకు ఎఱ్ఱవెలుగే చూపవలెను. నంబరు పలకకు తెలుపు, ఇండికేటరునకు నారింజ వంటివి మాత్రమే మినహాయింపులు.

బిగించునపుడు నాలుగు సంగతులు గమనింపవలెను. ఎల్.ఇ.డి.కి ధన, ఋణ తీగలు తారుమారైనచో అది వెలుగదు. ట్రెయిలరు కొక్కెము త్రుప్పు పట్టినచో దానిగుండా ఎర్తు సరిగా అందదు. కావున ట్రాక్టరువరకు ఎర్తు తీగను వేరుగా లాగవలెను. ఇండికేటరునకు ఎల్.ఇ.డి. పెట్టినపుడు అది మితిమీరిన వేగముతో కొట్టుకొనినచో, విద్యుత్తు తక్కువగా పోవుటచే బల్బు పోయినదని పాత ఫ్లాషరు భ్రమపడుచున్నదని తెలియవలెను, ఎల్.ఇ.డి.కి తగిన ఫ్లాషరును మార్చిన చాలును. ఇక, చెఱకు మొవ్వలు వెనుకకు వ్రేలాడి దీపమును కప్పకుండ, బరువు నింపిన పిదప వెనుకకు పోయి కన్నులార చూడవలెను.

ఎంత మంచి దీపమైనను బ్యాటరీ చచ్చిననాడు ఆరును. నడిరేయి బండి చెడి రోడ్డు ప్రక్కన నిలిచినపుడు ఆదుకొనునవి ఎఱ్ఱ ప్రతిఫలకములును, మెఱయు పట్టీలును. వీనికి విద్యుత్తు అక్కరలేదు. వచ్చువాని దీపపు వెలుగునే తిరిగి వానికి పంపును. దుమ్ము, బురద తుడుచుటయే వీనికి చేయవలసిన సేవ.

ఇది ఒక్కరొక్కరుగా చేయుటకంటె సంఘముగా చేయుట సులభము. మామిడికోతకు ముందొక దినమున సభ్యుల ట్రెయిలర్లన్నియు సంఘ కార్యాలయము కడ చేర్చి, మంచి దీపములను ఒక్కుమ్మడిగా కొని, నేర్పుగల ఎలక్ట్రీషియనుచేత బిగింపించినచో ఖర్చును తగ్గును, పనియు పదిలముగా నుండును. విత్తనములు, ఎరువులు కలసి కొనుచున్న మనము ప్రాణరక్షణకు కావలసిన ఈ చిన్న వస్తువును కలసి కొనలేమా? సభ్యులు తమ తదుపరి సమావేశమున ఈ విషయమును చర్చింతురుగాక.