బ్యాటరీ ఆయుర్దాయము

మదనపల్లె ప్రాంతము టమోటా పంటకు ప్రసిద్ధి చెందినది. మదనపల్లె, గుర్రంకొండ, కలికిరి, కలకడ మార్కెట్లకు చుట్టుప్రక్కల పల్లెలనుండి పెట్టెలకొలది టమోటాలు వచ్చుచుండును. ఆ పంటను పండించు రైతుకు ఒక సత్యము బాగుగా తెలియును. కోసిన కాయ తిన్నను తినకున్నను పండుచునే యుండును. ఎండలో నుంచినచో త్వరగా మెత్తబడును; నీడపట్టున, గాలి తగులుచోట నుంచినచో మరికొన్ని దినములు నిలుచును. కాయను శాశ్వతముగా నిలుపుట ఎవ్వరికిని సాధ్యము కాదు. కాని, అది చెడిపోవుటను ఆలస్యము చేయుట మాత్రము రైతు చేతిలోని పని.

ల్యాప్‌టాప్‌లోని బ్యాటరీయు ఇట్టిదే. చూచుటకు అది రాతిముక్కవలె గట్టిగా కనబడును. కాని తయారైన దినమునుండియే అది లోలోపల క్షీణింప నారంభించును. వాడినను క్షీణించును, వాడక పెట్టెలో దాచినను క్షీణించును. ఆ క్షయము వేగముగా జరుగునో, మెల్లగా జరుగునో అను విషయము చాలవరకు మనము దానిని ఛార్జి చేయు అలవాటుమీద ఆధారపడి యుండును.

ఇది చిన్న సంగతి యని తలంపరాదు. బ్యాటరీ క్షీణించిన ల్యాప్‌టాప్ గుంజకు కట్టివేసిన ఆవు వంటిది. ప్లగ్గునకు దూరముగా పోజాలదు. గాలివానకు కరెంటు పోయినచో వెంటనే ఆరిపోవును. అంతవరకు వ్రాసి దాచుకొనని పాఠము పోవును. క్రొత్త బ్యాటరీకి వేల రూపాయలు కావలెను. ఒక్కొక్కప్పుడు దానికొరకు కలకడనుండి మదనపల్లెకో తిరుపతికో పోవలసి వచ్చును. పైగా ఇది ల్యాప్‌టాప్ ఉన్న యింటివారికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2022 డిసెంబరు 21వ తేదీన మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచు కార్యక్రమము బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభమైనది. అట్టి ట్యాబులలోను, సెల్‌ఫోనులలోను, ల్యాప్‌టాప్‌లలోను ఉండునవి ఒకే జాతి బ్యాటరీలు. ఒకదానికి చెప్పిన నీతి తక్కినవానికిని వర్తించును.

ఆ జాతి పేరు లిథియము-అయాన్ బ్యాటరీ. లిథియము లోహములన్నిటిలో మిక్కిలి తేలికయైనది. దీని ఆధారముగా బ్యాటరీని నిర్మించుటకు పలువురు శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పాటుపడిరి. స్టాన్లీ విట్టింగ్‌హామ్ 1970వ దశకములో దీనికి పునాది వేసెను. 1980లో జాన్ గుడెనఫ్ కోబాల్టు ఆక్సైడుతో ధనధ్రువమును రూపొందించెను. 1985లో జపానుకు చెందిన అకిరా యోషినో సురక్షితముగా వాడదగిన బ్యాటరీని నిర్మించెను. 1991లో సోనీ కంపెనీ దానిని విపణిలో ప్రవేశపెట్టెను. ఈ మువ్వురికిని 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరములు. అంతటి ముదిమిలో ఆ బహుమానమును పొందినవారు అంతకుముందు లేరు. ఈ విద్య మన ప్రాంతమునకును వచ్చినది. తిరుపతి సమీపమున మునోత్ సంస్థ నెలకొల్పిన కర్మాగారములో 2022లో లిథియము సెల్లుల ఉత్పత్తి ప్రయోగాత్మకముగా మొదలైనది.

బ్యాటరీ లోపల జరుగు పనిని స్థూలముగా ఇట్లు గ్రహింపవచ్చును. ప్రతి సెల్లులోను ధనధ్రువము, ఋణధ్రువము అను రెండు భాగములుండును. వాని నడుమ ఒక ద్రవముండును. ఛార్జి చేయునప్పుడు లిథియము అయానులు ధనధ్రువమును విడిచి, ద్రవముగుండ పయనించి, ఋణధ్రువములోని గ్రాఫైటు పొరల నడుమ జొచ్చి కూర్చుండును. ల్యాప్‌టాప్‌ను వాడునప్పుడు అవి తిరిగి ధనధ్రువమునకు చేరును. ఈ రాకపోకలే బ్యాటరీ జీవనము. మొదటి పర్యాయము ఛార్జి చేయునప్పుడే గ్రాఫైటుపై ఒక పలుచని పొర ఏర్పడును. ఆ పొర కొంతవరకు మేలే చేయును. కాని కాలము గడచినకొలది అది మందమగుచుండును. మందమైనకొలది కొంత లిథియము అందులో చిక్కుకొని, రాకపోకలకు పనికిరాకుండ పోవును. బ్యాటరీ ముసలిదగుట యనగా ముఖ్యముగా ఇదియే.

ఈ క్షయమును త్వరపెట్టునవి ముఖ్యముగా రెండు: వేడిమి, నిండుదనము.

మొదట వేడిమిని గూర్చి చూతము. రసాయనక్రియలు వేడిమి పెరిగినకొలది వేగమందును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో అనేక క్రియల వేగము ఇంచుమించు రెండింతలగును. రాయలసీమలో వేసవిని 40 డిగ్రీల ఎండ క్రొత్త గాదు. అట్టి దినములలో రేకుల యింటిలో, కిటికీ ప్రక్కన ఎండ పడుచోట ల్యాప్‌టాప్‌ను ఛార్జికి పెట్టరాదు. పరుపుమీదను, దుప్పటిమీదను పెట్టి వాడరాదు; ఏలయనగా దాని అడుగున గాలి పోవు రంధ్రములు మూసికొనిపోయి, లోపలి వేడి లోపలనే నిలిచిపోవును. గట్టి బల్లయో, పలకయో అడుగున నుండవలెను. ఎండలో నిలిపిన కారులో దానిని విడిచి పోరాదు. చల్లదనము మంచిదని ఫ్రిజ్జులో పెట్టుటయు తగదు. అచ్చటి తేమ యంత్రమునకు హాని చేయును. నీడయు గాలియు చాలును.

ఇక రెండవది నిండుదనము. “నిండుకుండ తొణకదు” అని మన పెద్దలు చెప్పిన సామెత మనుష్యుల విషయమున సత్యమే. కాని లిథియము బ్యాటరీ విషయమున ఇది తారుమారగును. టమోటాలను పెట్టె అంచుమీదివరకు కుక్కి మూత బిగించినచో కాయలు ఒకదానినొకటి నలుపుకొనును. కొంచెము వెలితిగా నింపిన పెట్టెలో కాయలు చెదరక యుండును. సెల్లు పూర్తిగా నిండినప్పుడు దాని పీడనము సాధారణముగా 4.2 వోల్టులు. ఆ స్థితిలో లోపలి పదార్థములు మిక్కిలి ఒత్తిడికి లోనై యుండును. ఆ హెచ్చు వోల్టేజివద్ద దీర్ఘకాలము నిలుచుట బ్యాటరీకి చేటు. గరిష్ఠముగా 4.2 వోల్టులకు బదులు 4.1 వోల్టులవరకే నింపినచో బ్యాటరీ ఇంచుమించు రెండింతలు ఎక్కువ పర్యాయములు పనిచేయునని అనుభవముమీద తేలిన లెక్క.

ఈ రెండు శత్రువులును ఏకమైనప్పుడు గోరుచుట్టపై రోకటిపోటు వంటి అవస్థ కలుగును. ప్రచారములో నున్న ఒక లెక్కను చూడుడు. 40 శాతము ఛార్జితో 25 డిగ్రీలవద్ద ఒక సంవత్సరము దాచిన బ్యాటరీకి దాని శక్తిలో సుమారు 96 శాతము నిలిచియుండును. పూర్తిగా నింపి అదే చల్లదనమున దాచినచో 80 శాతము మిగులును. నింపినదానిని 40 డిగ్రీల వేడిలో దాచినచో 65 శాతము మాత్రమే మిగులును. వాడకుండగనే మూడవ వంతునకు పైగా హరించిపోయినదన్నమాట!

అయితే మన యిండ్లలో “రాత్రి ఛార్జికి పెట్టి ఉదయము తీయుట మంచిది, ఎల్లప్పుడును నిండుగా నుండవలెను” అను మాట ఎట్లు పుట్టినది? ఇది వట్టి మూఢవిశ్వాసము కాదు. మన పెద్దలకు తెలిసిన బ్యాటరీ వేరు. ట్రాక్టరులోను, ఇన్వర్టరులోను ఉండునది సీసపు బ్యాటరీ. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ తిరుపతి చెంత కరకంబాడిలో తయారుచేయుచు వచ్చినది ఈ జాతి బ్యాటరీలనే. సీసపు బ్యాటరీని ఛార్జి లేక ఉంచినచో దాని పలకలపై గట్టి పొర పేరుకొని అది పాడగును. కావున దానిని నిండుగా నుంచుటయే న్యాయము. మరియొక మాట కూడ కలదు: “పూర్తిగా ఖాళీ చేసిన పిదపనే ఛార్జి చేయవలెను” అని. ఇది పూర్వపు నికెల్-కాడ్మియము బ్యాటరీలనుండి వచ్చినది. వానిని మాటిమాటికి సగములో ఛార్జి చేసినచో అవి తమ శక్తిని మరచినట్లు ప్రవర్తించెడివి. ఈ రెండు నీతులును తమతమ చోట్ల సరియైనవే. లిథియము బ్యాటరీకి వానిని అన్వయించుటయే తప్పు. ఒకని రోగమునకు వ్రాసిన మందును మరియొకనికి పోసినట్లగును.

లిథియము బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయుటయు దానికి శ్రమయే. 20 శాతమునకు దిగకమునుపే ఛార్జికి పెట్టి, 80 శాతము చేరగనే తీయుట మేలైన పద్ధతి. ఇట్లు కొంచెము కొంచెముగా పలుమారులు ఛార్జి చేసినచో బ్యాటరీ త్వరగా అరిగిపోవునని కొందరు భయపడుదురు. ఆ భయము అక్కరలేదు. కంపెనీలవారు బ్యాటరీ జీవితమును ఆవృత్తులతో లెక్కింతురు. నేడు సగము వాడి నింపి, రేపు మరల సగము వాడి నింపినచో ఆ రెండును కలిసి ఒక్క ఆవృత్తియే యగును. ఎన్నిసార్లు ప్లగ్గు పెట్టితిమన్నది కాదు, మొత్తమున ఎంత శక్తి వాడితిమన్నదే లెక్క.

మరి ల్యాప్‌టాప్‌ను రాత్రియంతయు ప్లగ్గునకే వదలినచో అది ప్రేలునా? మంచి స్థితిలోనున్న యంత్రమున అట్టి భయము లేదు. నిండిన వెంటనే లోపలి నియంత్రణ ఏర్పాటు ఛార్జిని ఆపివేయును. కాని బ్యాటరీ గంటల తరబడి నిండుదనమున, కొంత వేడిమిలో నిలిచి యుండును. నష్టము నిశ్శబ్దముగా జరుగును. ఎల్లప్పుడును ప్లగ్గుతోనే పనిచేయువారికి తయారీదారులు ఒక ఉపాయము కల్పించిరి. లెనోవో, ఏసస్, డెల్ మొదలగు కంపెనీల పెక్కు ల్యాప్‌టాప్‌లలో ఛార్జి 80 శాతము దాపున ఆగునట్లు చేయు అమరిక యున్నది. ఒక్కసారి దానిని అమర్చినచో మాటిమాటికి కనిపెట్టి చూడవలసిన పని యుండదు.

వేసవి సెలవులకు ల్యాప్‌టాప్‌ను బీరువాలో దాచునప్పుడు సుమారు సగము ఛార్జితో, పూర్తిగా ఆపివేసి దాచవలెను. నెలల తరబడి వాడనిచో నడుమ నడుమ తీసి చూచి, తగ్గిన ఛార్జిని మరల సగమునకు తేవలెను. పూర్తిగా ఖాళీగా దాచినచో బ్యాటరీ మిక్కిలి దిగజారి, తిరిగి మేల్కొనకపోవచ్చును. యంత్రముతో వచ్చిన ఛార్జరునే, లేక దానికి సరిపడు మంచి ఛార్జరునే వాడవలెను. చౌకయని నాసిరకము ఛార్జరు కొనుట అడుసు త్రొక్కి కాలు కడుగుకొనుట వంటిది.

బ్యాటరీ ఆరోగ్యమును మీరే లెక్కింపవచ్చును. చాల ల్యాప్‌టాప్‌లు రెండు సంఖ్యలను చూపగలవు: క్రొత్తలో దాని శక్తి ఎంత, నేడు నిండినప్పుడు ఎంత అని. క్రొత్తలో 50 వాట్-గంటలుండి, నేడు 40 వాట్-గంటలున్నచో, 40ని 50తో భాగించి నూటితో గుణింపుడు. 80 శాతము వచ్చును. ఆరు నెలలకొకసారి ఈ లెక్కను వ్రాసి యుంచినచో మీ అలవాటు మంచిదో కాదో ఆ పట్టికయే చెప్పును.

ఒక హెచ్చరిక. బ్యాటరీ ఉబ్బి, ల్యాప్‌టాప్ అడుగుభాగమో మీటల పలకయో పైకి లేచినట్లు కనబడినచో వెంటనే వాడుట మానవలెను. ఛార్జికి పెట్టరాదు, నొక్కరాదు, గ్రుచ్చరాదు. నిప్పంటుకొను ప్రమాదము కలదు. పెద్దలకు చెప్పి, తెలిసిన మరమ్మతుదారునకు అప్పగింపవలెను. పాడైన బ్యాటరీని చెత్తకుప్పలో పారవేయరాదు. భారత ప్రభుత్వము 2022లో చేసిన నియమముల ప్రకారము వాడి విడిచిన బ్యాటరీలను సేకరించి తిరిగి వినియోగమునకు తెచ్చు బాధ్యత తయారీదారులది. అందలి లిథియము, కోబాల్టు సులభముగా లభించునవి కావు. లిథియము అధికముగా ఆస్ట్రేలియా, చిలీ దేశములనుండియు, కోబాల్టు అధికముగా ఆఫ్రికాలోని కాంగోనుండియు లభించుచున్నవి. ఎచ్చటనో భూగర్భమునుండి ఎంతో శ్రమతో త్రవ్వి తీసిన ధనము మన చేతికి వచ్చినది. దానిని ఒక్క సంవత్సరము ఎక్కువకాలము నిలిపినను అది ఇంటికిని లాభము, దేశమునకును లాభము.

అట్లని బ్యాటరీకి దాసులము కారాదు. రేపు దూరప్రయాణమున్నచో, లేక కరెంటు ఉండదని తెలిసినచో నూరు శాతము నింపుకొనుటయే వివేకము. బయలుదేరుటకు కొంచెము ముందుగా నింపిన చాలును. ఒక్కనాటి నిండుదనము బ్యాటరీని చంపదు. నిత్యపు అలవాటే చంపును. వస్తువు ఉన్నది వాడుకొనుటకే గాని పూజించుటకు కాదు. అయితే దాని స్వభావమును తెలిసికొని వాడువానికి అది చిరకాలము సేవ చేయును.