రిజిష్టరులలో తల్లి పేరు

1871వ సంవత్సరమున మదరాసునుండి వచ్చిన ఇనుపదారి రాయచూరులో బొంబాయిదారితో కలిసెను. ఆ దారిమీదిది మా గుంతకల్లు. డ్రైవర్లుగను గార్డులుగను వచ్చిన ఆంగ్లేయులు, ఆంగ్లో-ఇండియనులు ఈ కరవునేలలో కాపురములు పెట్టిరి. 1947 తరువాత వారిలో ననేకులు ఇంగ్లండునకును ఆస్ట్రేలియాకును తరలిపోయిరి. వారి మనుమలును మనుమరాండ్రును నేడు తమ పూర్వుల జాడలు వెదకికొనుచున్నారు. ఎట్లందురా?

వారి చర్చిలో మూడు రిజిష్టరులుండును: బాప్తిస్మము, వివాహము, ఖననము. మదరాసు రాజధానికి సంబంధించిన ఇట్టి పద్దుల నకళ్లు 1698 మొదలుకొని లండనులోని బ్రిటిషు లైబ్రరీలో నున్నవి. బిడ్డ బాప్తిస్మపు పద్దులో తండ్రి పేరు దొరకును. దానినిబట్టి వివాహపు పద్దు. పద్దులు చాలనిచోట వీలునామా.

ఒక యుదాహరణము చెప్పెదను. చెన్నపట్టణపు కోటలోని సెయింటు మేరీ చర్చి 1680 అక్టోబరు 28వ తేదీన ప్రతిష్ఠింపబడెను. అచ్చటి వివాహపు రిజిష్టరులో మొదటిది అదేయేట నవంబరు 4వ తేదీ పద్దు. వరుడు ఈలిహు యేల్. పిమ్మట ఆ కోటకు గవర్నరైనవాడు, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు పేరిచ్చినవాడు. వధువు కేథరిన్ హిన్మర్సు. ఈ యింటిపేరు ఆమె పుట్టినింటిది కాదు, మొదటి మెట్టినింటిది! ఆమె కుంపిణీ ఉద్యోగియగు జోసెఫ్ హిన్మర్సు వితంతువు. యేల్ వలన కలిగిన డేవిడ్ అను పసివాడు చనిపోగా, ఆ బిడ్డను ఆమె మొదటి భర్త సమాధిచెంతనే పాతిపెట్టిరి. ఆ సమాధి చుట్టునే తరువాత హైకోర్టు ఆవరణ యేర్పడెను. ఆ తల్లి మనసు ఏ రిజిష్టరునకు తెలియును?

యేల్ 1721లో లండనులో మరణించెను. అప్పటికి దంపతులకు పొందిక లేదు. తన వీలునామాలో భార్యను దుష్టురాలని వ్రాసి, ఆమెకేమి యిచ్చునో ఆ చోటు ఖాళీగా విడిచెనట. రిజిష్టరులో ముందు నిలిచిన పేరునకు వీలునామాలో దక్కిన గౌరవ మిది.

మన దేశపు స్త్రీల విషయమున దీనికి తలక్రిందు. దొరలతో కాపురముండిన మనవారి బిడ్డల బాప్తిస్మపు పద్దులలో తండ్రి పేరుండును, తల్లి పేరు పెక్కుచోట్ల నుండదు. ఉన్నను క్రైస్తవనామ మొక్కటే. ఊరు లేదు, తండ్రి లేడు. కొందరు దొరల వీలునామాలలోమాత్రము ఆమెకింత భరణమని యుండుటచే ఆమె యొకతె యుండెనని తెలియుచున్నది. దూరదేశమునుండి వెదకుచు వచ్చిన మునిమనుమరాలికి దారి అచ్చట తెగిపోవును.

వారిని చూచి జాలిపడనేల? శ్రాద్ధమునందు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ, ఈ మూడుతరముల పేర్లు మనవారు చెప్పుదురు. నాలుగవ యామె పేరేమి? అమ్మమ్మ తల్లి పుట్టినింటిపేరేమి? మా యింట నెవరికిని తెలియలేదు. మొన్న పాతపెట్టె దులుపుచుండగా, పసుపుకుంకుమల క్రింద పుట్టినింటివా రిచ్చిన రెండెకరముల మెట్టకు దస్తావేజు కనబడినది. చెదలు తినిన కాగితము. ఆమె పేరు, ఆమె తండ్రి పేరు, ఊరు, అన్నియు నున్నవి. మా అమ్మ కన్నులద్దములు పెట్టుకొని ఆ పేరును రెండుమారులు పైకి చదివినది.